రెండు పుస్తకాలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాల సమయం ఇచ్చారు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఇరవై నిమిషాల్లో ఏ ఫైలూ కదిపి ఎరగని వాణ్ణి. అయినా ప్రయత్నిస్తాను. మధ్యలో చీటీ పంపితే ఆపేస్తానని హామీ ఇస్తున్నాను.

డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు, మన తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డి గారు కూర్చున్న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది. పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అన్నది దాని సారాంశం. ఈ మాట మనం ఏటా చెప్పుకుంటాం. చివర్లో దీని దగ్గరికే మళ్ళీ వస్తాను. కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇవాళ నేను మాట్లాడదలచిన విషయం సరదా. పోయిన నెల కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన సంఘంలో ఒక వినోద విభాగం పెట్టాలని, నెలకోసారి తంబోలా, పాటలు, హాస్య నాటికలు వేసుకోవాలని, అందులో వచ్చిన సొమ్ము ఏదైనా మంచి పనికి ఇవ్వాలని. దానిమీద రెండు రకాల అభిప్రాయాలు వచ్చాయి. ఈ వయసులో ఈ గంతులేమిటి, మన పెద్దరికం ఏం కావాలి అని కొందరు. ఇందులో ఆలోచించడానికి ఏముంది, రేపే మొదలుపెడదాం అని మరికొందరు. ఇద్దరికీ నేను చెప్పవలసింది ఉంది. ఎందుకంటే యౌవనంలో నేను అటువంటి క్లబ్బుకి కోశాధికారిగా ఉన్నాను. అందులో ఒక మంచి పని చేశాను, ఒక తప్పు చేశాను. తప్పే ముందు జరిగింది.

మన కాకినాడకి నాటకాల పిచ్చి ఇవాళ పుట్టింది కాదు. నూరేళ్ళు దాటిన సరస్వతీ గానసభ ఉన్న ఊరు ఇది. నా చిన్నతనంలో పెద్దవాళ్ళు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. ఎస్.వి. రంగారావు గారు, అంజలీదేవి గారు, సంగీత దర్శకులు ఆదినారాయణరావు గారు సినిమాల్లో పెద్దవాళ్ళు కాకముందు ఆ క్లబ్బు నాటకాల్లో ఉన్నవారే. రంగారావు గారు సినిమాల్లోకి రాకముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగి అన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అంటే మనలో ఒకరే. నాకు మాత్రం ఆ క్లబ్బు పేరులోని ‘హ్యాపీ’ అన్న మాట ఎంతో నచ్చేది. సంతోషంగా ఉండడానికే పెట్టుకున్నాం అని బోర్డు మీద రాసుకోగలిగిన ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరాను. మరుసటి ఏడు మా ఆఫీసులోనూ పక్క ఆఫీసుల్లోనూ ఉన్న గుమాస్తాలం పద్నాలుగు మందిమి కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. పేరు పెట్టడం గురించి మూడు సమావేశాలు జరిగి, తగువులాట అయి, చివరికి పేరు లేకుండానే నడిచింది. ఒక పెంకుటింటి వెనక వసారా నెలకి పదిహేను రూపాయల అద్దె. సభ్యత్వం నెలకి రెండు రూపాయలు. ఒక క్యారమ్ బోర్డు, ఒక హార్మోనియం, ఒక పెట్రోమాక్సు లైటు, ఇవీ మా స్థిరచరాస్తులు. సాయంత్రం ఆఫీసు విడిచిపెట్టగానే అక్కడ చేరేవాళ్ళం. ఎవరి వంతు వస్తే వాళ్ళు పకోడీలు తెప్పించాలి.

జీతాలందిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం తంబోలా. తొంభై అంకెలు, టిక్కెట్టుకి మూడు వరసలు, వరసకి అయిదు చొప్పున పదిహేను అంకెలు. ఆట అందరికీ తెలిసిందే. కానీ మా దగ్గర అంకెల్ని పిలవడంలోనే ఉండేది మజా అంతా. పదకొండు వస్తే ‘తాతగారి రెండు చేతికర్రలు’ అని పిలిచేవాళ్ళం. యాభై ఎనిమిది వస్తే ‘దండ, శాలువా’ అని కేక. 1983లో ప్రభుత్వం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించేసరికి మా ‘దండ, శాలువా’ కూడా యాభై అయిదుకి దిగింది. మళ్ళీ పెంచాక మళ్ళీ పైకి ఎక్కింది. 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. ఆ క్లబ్బు ఇప్పుడు ఉండి ఉంటే పిలిచేవాడు జీవోలు దగ్గర పెట్టుకుని పిలవవలసి వచ్చేది.

నాటకాలు దసరాకి ఒకటి, సంక్రాంతికి ఒకటి. మన కాకినాడలోనే ఉండి రాసిన కాళ్ళకూరి నారాయణరావు గారి ‘వరవిక్రయం’ మాకు పెట్టని కోట. అందులో పిసినారి లింగరాజు వేషం నాది. పైసా చేతిలోంచి జారనివ్వని ఆ పాత్ర నేను బాగా చేస్తానని, అందుచేత డబ్బు నా దగ్గర భద్రంగా ఉంటుందని, నన్ను కోశాధికారిని చేశారు. వేషాన్ని చూసి మనిషిని నమ్మడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఆ రోజు గురించి ఈ సభలో నేను కొత్తగా చెప్పవలసింది లేదు. సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. పదివేల మంది దాకా పోయారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పేర్లు పేపరు చదవని వాళ్ళ నోళ్ళలో కూడా నలిగాయి. రామారావు గారు, నాగేశ్వరరావు గారు వంటి సినిమా నటులు వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. బడిపిల్లలు డబ్బాలు పట్టుకుని తిరిగారు. మేము మాత్రం ఊరుకుంటామా? డిసెంబరులో బాధితుల సహాయార్థం ‘వరవిక్రయం’ వేస్తున్నామని ప్రకటించాం. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదని ప్రవర్తనా నియమావళిలో ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు. మంచి పనికి అనుమతి ఏమిటని ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

టిక్కెట్లు అయిదు, మూడు, ఒక రూపాయి. మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవారు. అప్పట్లో బంట్రోతు అనేవాళ్ళం. యాభై దగ్గర పడిన మనిషి. ఆయన అక్కగారిని దివి తాలూకాలో ఇచ్చారు. ఇల్లు పోయింది, మనుషులు మిగిలారు. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, అయిదు రూపాయల టిక్కెట్లు నాలుగు ఇమ్మన్నారు. ఇరవై రూపాయలు. ఆయన జీతంలో అది ఎంత భాగమో జీతాల బిల్లు రాసే నాకు తెలుసు. “రూపాయి టిక్కెట్లు తీసుకో, నాటకం అక్కణ్ణించీ కనబడుతుంది” అన్నాను. “నాటకం కోసం కాదు బాబుగారూ” అన్నారు.

నాటకం రోజున హాలు నిండిపోయింది. తెర ఎత్తేముందు నేనే లింగరాజు వేషంలో వచ్చి, ఈ టిక్కెట్ల సొమ్ము యావత్తూ దివిసీమ బాధితులకే అని చెప్పాను. చప్పట్లు మోగాయి. నాటకం కూడా బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత అర్ధరాత్రి దాకా భోజనాలు. ఆ వంకాయ కూర ఇంకా నాకు గుర్తుంది. మేమంతా ఎంత సంతోషంగా ఉన్నామంటే, ఆ సంతోషమే ఒక పెద్ద దానం అనుకున్నాం.

మర్నాడు లెక్క చూశాను. మొత్తం వసూలు 2,140 రూపాయలు. హాలు అద్దె 300. తెరలు, లైట్లు 250. మేకప్పు, దుస్తులు 180. బయటినుంచి పిలిపించిన ఇద్దరు నటీమణులకు 400. హార్మోనియం, తబలా వాద్యగాళ్ళకి 150. మైకు సెట్టు 120. పోస్టర్లు, టిక్కెట్ల అచ్చు 140. భోజనాలు, రిహార్సళ్ళ టిఫిన్లు కలిపి 420. మొత్తం ఖర్చు 1,960. మిగిలింది 180 రూపాయలు.

నేను మూడుసార్లు కూడాను. గుమాస్తాని కదా, ఎన్నిసార్లు కూడినా అంతే వచ్చింది. అందులో దొంగతనం ఒక్క పైసా లేదు. ప్రతి ఖర్చుకీ చీటీ ఉంది. ప్రతి చీటీ మీదా నా సంతకం ఉంది. నటీమణులు కష్టపడ్డారు, వాళ్ళకివ్వడం న్యాయం. హాలు వాడికి ఇవ్వాలి. ఏ ఖర్చుకి ఆ ఖర్చు చూస్తే తప్పు లేదు. అన్నీ కలిపి చూస్తే తప్పంతా అక్కడే ఉంది. తలో కాస్తా వేసుకుని దాన్ని 501 చేసి సహాయ నిధికి పంపాం. రసీదు వచ్చింది. దాన్ని ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టాను.

వారం తర్వాత ఆ అటెండరు గారు ఫైళ్ళు తెచ్చి బల్లమీద పెట్టి, “బాబుగారూ, ఎంత పంపించారండీ?” అని అడిగారు. నేను తలెత్తకుండా “బాగానే పంపాం” అన్నాను. ఆయన కొంచెంసేపు నిలబడి, “హాలు నిండిపోయిందండి” అని వెళ్ళిపోయారు. అంతే. ఇంకొక్క మాట అనలేదు. నేను కూడా అనలేదు. ఆయన ఎనిమిదేళ్ళ తర్వాత రిటైరయ్యారు. ఆ ఎనిమిదేళ్ళూ రోజూ నా బల్ల దగ్గరికి వస్తూనే ఉన్నారు.

ఈ సంగతి మా సూపరింటెండెంటు గారి చెవిన ఎలా పడిందో పడింది. ఆయన మా క్లబ్బు సభ్యులు కారు, నవ్వడం కూడా తక్కువ. ఒకరోజు నన్ను పిలిచి, “ఏమయ్యా, ఒక పద్దులో మంజూరైన సొమ్ము ఇంకో పద్దుకి ఖర్చు పెడితే మనం ఏమని రాస్తాం?” అన్నారు. “దుర్వినియోగం అని రాస్తామండి” అన్నాను. “తినేసినా తినకపోయినా అంతేనా?” “అంతేనండి.” “మరి మీరు చేసిందేమిటి?” నాకు నోట మాట రాలేదు. “సరదా మానమని నేను చెప్పడం లేదు. పుస్తకాలు రెండు పెట్టు” అన్నారు. అదీ ఆయన ఉపదేశం. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెబితే, “మీ సరదాకి మీ జేబు, వాళ్ళ కష్టానికి ఊళ్ళోవాళ్ళ జేబు. ఇది చెప్పడానికి సూపరింటెండెంటు గారు కావాలా?” అంది.

1978 ఉగాది నాడు రెండు పుస్తకాలు కొన్నాను. ఎర్ర అట్టది సరదా పుస్తకం. సభ్యుల చందాలు, పకోడీలు, వసారా అద్దె, హాలు, తెరలు, మేకప్పు అన్నీ అందులో. నీలం అట్టది సాయం పుస్తకం. బయటివాళ్ళు ఇచ్చిన ప్రతి పైసా అందులో జమ, ఆ పనికే ఖర్చు. ఎర్రపుస్తకంలో డబ్బు లేకపోతే నాటకం ఆగిపోవాలి గాని, నీలం పుస్తకంలోంచి చేబదులు కూడా తీసుకోకూడదు. చందా రెండు రూపాయల నుంచి అయిదు చేశాం. వెంటనే ఆరుగురు మానేశారు. పద్నాలుగు మందిలో ఎనిమిది మందిమి మిగిలాం. టిఫిను లేకపోతే రిహార్సలుకి ఎవడొస్తాడని వెళ్ళేవాళ్ళు వెక్కిరించారు. నిజమే, కొన్నాళ్ళు ఎవరూ రాలేదు.

కానీ ఒక చిత్రం జరిగింది. ఖర్చు మన జేబులోంచి అనేసరికి అందరికీ బుద్ధి పదునెక్కింది. తెరలకి మా ఇళ్ళలోని పాత పట్టుచీరలు వచ్చాయి. హాలు బదులు ఒక బడి ఆవరణ దొరికింది. పులిహోర ఇళ్ళనుంచి వచ్చింది. 1980 నుంచి స్త్రీ పాత్రలు మా ఇళ్ళ ఆడవాళ్ళే వేయడం మొదలుపెట్టారు. అది మొదట్లో కొన్ని ఇళ్ళలో పెద్ద రభస అయింది. తర్వాత నాటకం కంటె ఆ రిహార్సళ్ళు చూడడానికే జనం వచ్చేవారు. మా ఆవిడ ‘వరవిక్రయం’లో నాకు ఎదురు నిలబడి మాట్లాడుతుంటే, ఇంట్లో అనలేనివన్నీ ఇక్కడ అంటోందని మా వాళ్ళు విరగబడి నవ్వేవారు. ఆ తర్వాత రెండేళ్ళకి మా సంఖ్య ముప్ఫై దాటింది. సరదా తగ్గలేదు. సరదాకి ఖరీదు తగ్గింది.

ఈ రెండు పుస్తకాల పద్ధతి మేమే కనిపెట్టామని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. తర్వాత ఒక లయన్స్ క్లబ్బు మిత్రుడు చెబితే తెలిసింది, వాళ్ళకి ప్రపంచమంతటా ఇదే నియమం. ప్రజల దగ్గర సేకరించిన సొమ్ము ప్రజల పనికే, క్లబ్బు నడుపుకునే ఖర్చు సభ్యుల చందాల్లోంచే. రెంటికీ వేరు వేరు ఖాతాలు. 1917లో చికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి మొదలుపెట్టిన సంస్థ అది. 1925లో హెలెన్ కెల్లర్ గారు వాళ్ళ మహాసభకి వచ్చి, అంధుల పక్షాన నిలబడమని అడిగారు. కంటి సేవ వాళ్ళ ముఖ్యమైన పని అయింది అప్పటినుంచే. వారి కంటే పన్నెండేళ్ళ ముందు 1905లో, అదే చికాగోలో, పాల్ హారిస్ అనే వకీలు మరో ముగ్గురితో కలిసి రోటరీ పెట్టారు. ఒంటరితనం పోగొట్టుకోవడానికి, వారం వారం ఒకరి ఆఫీసులో ఒకరు వంతులవారీగా కలుసుకోవడం, అంతే. ఆ వంతుల మీదుగానే దానికి రోటరీ అనే పేరు వచ్చింది. ఊరికోసం వాళ్ళు తలపెట్టిన మొదటి పని ఏమిటో తెలుసా? చికాగోలో నలుగురికీ పనికొచ్చే మరుగుదొడ్లు కట్టించడం. నవ్వకండి, మన బస్టాండుల్లో తిరిగిన ఆడవాళ్ళని అడగండి అది చిన్న పనో పెద్ద పనో. అలా మొదలైన రోటరీయే 1985లో పోలియో నిర్మూలన తలకెత్తుకుంది. ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, లక్షలమంది కార్యకర్తలు కలిసి శ్రమించగా 2014లో మన దేశానికి పోలియో లేదన్న ధ్రువీకరణ వచ్చింది. కబుర్లకోసం కూడిన నలుగురి దగ్గర మొదలైన దారి అంతదూరం వచ్చింది. కనుక ‘సరదా మనుషులు ఏం చేస్తారులే’ అనేవారికి నా మొదటి జవాబు ఇది.

ఇక మా రెండో పరీక్ష 1996లో వచ్చింది. నవంబరు 6 రాత్రి. కోనసీమ తుపాను. మనమంతా ఇక్కడే ఉండి ఆ గాలి హోరు విన్నవాళ్ళమే. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రం మీదికి వేటకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళు ఎందరో. తెల్లవారాక చూస్తే అప్పటి మన తూర్పుగోదావరి జిల్లా తీరం తీరంలా లేదు.

ఈసారి ముందు అనుమతికి దరఖాస్తు పెట్టాం. అనుమతి వచ్చాకే టిక్కెట్టు అచ్చు వేశాం. 1997 సంక్రాంతి తర్వాత ఒక సాయంత్రం హాస్య నాటికలు, పాటలు, ఆఖర్న తంబోలా. బహుమతులు స్టీలు డబ్బాలు, గొడుగులు. అవి కూడా సభ్యులే ఇచ్చారు. ఎర్రపుస్తకంలో ఖర్చు 4,300 రూపాయలు. నీలం పుస్తకంలో జమ 11,650 రూపాయలు. అందులోంచి తెర లేపడానికి ఒక్క రూపాయి తీయలేదు.

అప్పుడు ఇంకో పాఠం నేర్చుకున్నాం. పాత బట్టలు పోగుచేసి తీసుకువెడదామని మేం అనుకున్నాం. ముందు ఇద్దరం తీరం వైపు ఒక పల్లెకి వెళ్ళి చూసివచ్చాం. అప్పటికే అక్కడ బట్టలు గుట్టలుగా పడి తడిసి ఉన్నాయి. ఒక పెద్దావిడ, “బట్టలు చాలు బాబూ. వండుకోడానికి గిన్నె లేదు. దొరికిన బియ్యం దేంట్లో వండుకోమంటారు?” అంది. మేం అలా ఆలోచించనే లేదు. ఊళ్ళో పాత్రల వ్యాపారి ఒకాయన లాభం చూసుకోకుండా ఇచ్చారు. అన్నం గిన్నె, కూర గిన్నె, గరిటె, గ్లాసులు, చిన్న బకెట్టు, ఇంటికి 200 రూపాయల సామాను. యాభై ఎనిమిది ఇళ్ళకి ఇచ్చాం. 11,600 అయింది. మిగిలిన యాభై రూపాయలు నీలం పుస్తకంలో నిలవ చూపించి, మరుసటి ఏడు బడిపిల్లల పలకలకి వాడాం. లెక్క మొత్తం పెద్ద అక్షరాలతో రాసి, నాటకం వేసిన బడి గేటుకి అంటించాం. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ వచ్చి చదువుకోవచ్చు.

ఆ కాగితం అంటించి వెనక్కి తిరిగినప్పుడు నాకు ఆ అటెండరు గారు జ్ఞాపకం వచ్చారు. ఆయన వచ్చి చదివితే బాగుండుననిపించింది. అప్పటికి ఆయన కాలం చేసి మూడేళ్ళయింది. ‘ఎంత పంపించారండీ’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళు రోజూ అవకాశం ఉంది. ‘నూట ఎనభై మిగిలింది, తప్పు చేశాం’ అంటే ఆరు మాటలు కూడా కావు. చెప్పలేదు. చిన్న ఉద్యోగికి సంజాయిషీ ఏమిటన్న అహంకారం కూడా అందులో ఉందని ఈ వయసులో ఒప్పుకుంటున్నాను.

ఆయన కుమారుడు కూడా మన శాఖలోనే పనిచేసి రిటైరయ్యారు. మన సంఘ సభ్యులు. ఇవాళ ఈ సభలో ఉన్నారు. ఈ సంగతి ఇక్కడ చెప్పేముందు వారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పి, అనుమతి తీసుకున్నాను. వారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నాన్నగారు ఆ విషయం ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదండి. కానీ ఆ తర్వాత ఆయన ఏ సహాయానికీ టిక్కెట్టు కొనడం మేం చూడలేదు. మమ్మల్నీ కొననివ్వలేదు” అన్నారు.

అయ్యా, మా నష్టం 1,960 రూపాయలు కాదు. ఒక దాత చెయ్యి ముడుచుకుపోయింది. ఆ రాత్రి హాల్లో ఇంకెంతమంది అటువంటివారు ఉన్నారో నాకు తెలియదు. వారందరి పేరా ఆయన కుమారుడికి ఈ సభాముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు మన వినోద విభాగం సంగతికి వస్తాను. పెద్దరికం గురించి భయపడేవారికి ఒక్క మాట. మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. సాయంత్రం ఇంట్లో మాట్లాడే మనిషి టీవీ ఒక్కటే. ఏటా జీవన ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు ‘బతికే ఉన్నాను’ అని రాసి ఇస్తాం. నెలకోసారి నలుగురితో కూర్చుని నవ్వితే ఆ మాట సంతకం లేకుండానే రుజువవుతుంది. సరదా పడండి. సిగ్గు పడకండి.

రేపే మొదలుపెడదాం అనేవారికి మాత్రం అయిదు విన్నపాలు.

ఒకటి. రెండు పుస్తకాలు, రెండు బ్యాంకు ఖాతాలు. టీ, బిస్కట్లు, మైకు, బహుమతులు మన చందాలోంచి. బయటివారిచ్చింది పూర్తిగా పనికే.

రెండు. నీలం ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు, అరమరికలు లేని స్నేహితులు కూడా కాకపోతే మరీ మంచిది.

మూడు. వరస నంబర్లు ఉన్న రసీదు పుస్తకం, కౌంటరుఫాయిలు. కార్యక్రమం అయిన వారంలోపు లెక్క గోడకి అంటించాలి. లెక్క చూసే మనిషి విభాగంలో సభ్యుడు కాకూడదు. ఇంతమంది అకౌంట్సు వాళ్ళం ఉన్నాం, ఆమాత్రం చేయలేమా?

నాలుగు. ఎవరినీ బలవంతపెట్టవద్దు. కుటుంబ పెన్షనుతో బతికే అమ్మగారు తంబోలాకి ఊరికే వచ్చి కూర్చున్నా ఆవిడకి అందరితో సమానమైన కుర్చీ ఉండాలి. టిక్కెట్టు కొన్నారా లేదా అని అడగకూడదు.

అయిదు. ఇచ్చేముందు అడగండి. మనకి ఇవ్వాలనిపించింది కాదు, వాళ్ళకి కావలసింది ఏమిటో తెలుసుకోండి. అవతల గిన్నె లేని మనిషి ఉన్నప్పుడు బట్టలమూట భారమే.

పని పెరిగితే 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద విడిగా నమోదు చేసుకోవచ్చు. ఏడుగురు సభ్యులుంటే చాలు. కానీ ఆ తొందర వద్దు. ముందు ఏడుగురూ ఏడాదిపాటు తగువు పడకుండా కూర్చోగలరేమో చూద్దాం.

చివరగా, మొదట చెప్పిన మాట. పెన్షను దయ కాదు, హక్కు అని మనం అంటున్నాం. ఖజానాలో ఉన్న ఆ సొమ్ము ప్రభుత్వానిది కాదు, మనది. అది ఆలస్యమైతే, వేరే అవసరానికి వాడుకుని తర్వాత ఇస్తామంటే, మనకి ఎంత కోపం వస్తుంది? అదే న్యాయం మనకి కూడా వర్తిస్తుంది. ఒక ఆపన్నుడి పేరు చెప్పి మనం పుచ్చుకున్న రూపాయి, మన చేతిలో పడిన క్షణం నుంచి మనది కాదు, వాడిది. మనం దానికి గుమాస్తాలం మాత్రమే. వాడు ఎక్కడో పల్లెలో ఉంటాడు. వచ్చి లెక్క అడగలేడు. అడగలేనివాడి లెక్కే అందరి లెక్కల కంటె జాగ్రత్తగా రాయాలి.

నా దగ్గర ఆ ఎర్రపుస్తకం లేదు. ఇల్లు మారినప్పుడు పోయింది. నీలం పుస్తకం ఉంది. 1978 నుంచి 2008లో నేను రిటైరయ్యేదాకా రాసినది. 501 రూపాయల ఆ పాత రసీదు దాని మొదటి పేజీకి అంటించి ఉంది. మన వినోద విభాగం మొదలైతే దాన్ని మొదటి కోశాధికారికి అప్పగిస్తాను. ముట్టినట్టు సంతకం పెట్టి పుచ్చుకోవాలి సుమండీ.

చీటీ రాకముందే ముగిస్తున్నాను.